ముఖశిల్పి సర్ హెరాల్డ్ గిల్లీస్

మానవ శరీరంలో ముఖానికి ఉన్న స్థానం విశిష్టమైనది. చేయి పోయినవానిని చూచి లోకం జాలిపడుతుంది; కాలు పోయినవానికి తొలగి దారి ఇస్తుంది; ముఖం చెడినవానిని చూచి మాత్రం చూపు మరల్చుకుంటుంది. ఆ చూపు మరల్చుకోవడంలోని బాధ అనుభవించినవారికే తెలుస్తుంది. అయితే ముఖం అందానికి ఆటపట్టు మాత్రమే కాదు. అన్నం నమలడానికి, మాట స్పష్టంగా పలకడానికి, సుఖంగా ఊపిరి పీల్చుకోవడానికి ముఖంలోని ఎముకలు, ముఖ్యంగా పై దవడ, క్రింది దవడ ఒకదానితో ఒకటి పొందికగా అమరి ఉండాలి. ఆ పొందిక తప్పినప్పుడు మనిషి రూపం మాత్రమే కాదు, జీవితమే కుంటుపడుతుంది.

ముందుకు పొడుచుకువచ్చిన దవడను వెనుకకు జరిపించుకోవాలా, వెనుకకు కుంగిన చుబుకానికి ఏదైనా అమర్చించుకోవాలా, చెక్కిళ్లకు నిండుదనం తెప్పించుకోవాలా అని ఆలోచించే యువతీ యువకులు ఈనాడు మన మధ్య కూడా ఉన్నారు. కొందరికది అవసరం, కొందరికది మోజు, ఎక్కువమందికి ఆ రెంటికీ నడుమ తేల్చుకోలేని సందిగ్ధం. ఇటువంటి చికిత్సలకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు సర్ హెరాల్డ్ గిల్లీస్. ఆధునిక ప్లాస్టిక్ శస్త్రచికిత్సకు పితామహుడని లోకం ఆయనను గౌరవిస్తున్నది. ఆయన సాధించిన విజయాలతో పాటు పొరపడిన సందర్భాలను కూడా తెలుసుకుంటే, కత్తి పట్టవలసిన వేళ ఏదో, పట్టకూడని వేళ ఏదో కొంతవరకు బోధపడుతుంది.

బాల్యం - విద్యాభ్యాసం

హెరాల్డ్ డెల్ఫ్ గిల్లీస్ 1882 జూన్ 17వ తేదీన న్యూజిలాండ్ దేశంలోని డునెడిన్ నగరంలో జన్మించారు. ఎనిమిదిమంది సంతానంలో ఆయన కడగొట్టువాడు. తండ్రి రాబర్ట్ గిల్లీస్ ఆ దేశపు శాసనసభలో సభ్యుడుగా పనిచేసినవారు. ఖగోళశాస్త్రంపై మక్కువ గలవారు. హెరాల్డ్‌కు నాలుగేండ్ల వయస్సులోనే, 1886లో, ఆయన మరణించారు. బాల్యంలో మోచేతికి తగిలిన గాయం వలన హెరాల్డ్ చేతి కీలు ఒకటి జీవితాంతం బిగుసుకుపోయే ఉంది. మనిషి ముఖాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తీర్చిదిద్దవలసిన వృత్తికి అటువంటి చేయి తగదని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఆ చేతితోనే ఆయన క్రికెట్ ఆడారు, పడవ నడిపారు, గోల్ఫ్ క్రీడలో పేరు పొందారు.

వాంగనుయి పట్టణంలోని కాలేజియేట్ పాఠశాలలో చదువు ముగించుకొని ఆయన ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు ప్రవేశించారు. 1904లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల మధ్య జరిగిన పడవ పందెంలో తమ విశ్వవిద్యాలయం పక్షాన తెడ్డు వేశారు. అటుపై లండన్‌లోని సెయింట్ బార్తోలోమ్యూ ఆసుపత్రిలో శిక్షణ పొంది, 1910లో రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి ఫెలో అయ్యారు. చెవి, ముక్కు, గొంతు వ్యాధుల చికిత్సలో స్థిరపడ్డారు. ఆదాయం బాగుంది, సంసారం కుదుటపడింది. మహాయుద్ధమే రాకుంటే ఆయన లండన్ నగరంలోని అనేకమంది మంచి వైద్యులలో ఒకరుగా మిగిలిపోయేవారేమో.

యుద్ధభూమిలో కలిగిన సంకల్పం

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. సైనికులు కందకాలలో దాగి పోరాడిన యుద్ధమది. కందకం శరీరాన్ని కాపాడుతుంది. అంచు మీదుగా తొంగిచూచిన తలను మాత్రం కాపాడలేదు. అందువలన తూటాలూ ఫిరంగిగుండ్ల ముక్కలూ వేలాది యువకుల ముఖాలను ఛిద్రం చేశాయి. దవడలు ఎగిరిపోయినవారు, ముక్కు లేనివారు, నాలుక పట్టు తప్పినవారు గుడారపు ఆసుపత్రులను నింపివేశారు.

1915లో గిల్లీస్ రెడ్‌క్రాస్ పక్షాన ఫ్రాన్సుకు వెళ్లారు. అక్కడ చార్లెస్ వలాదియే అనే దంతవైద్యునితో కలిసి పనిచేసే అవకాశం లభించింది. తన రోల్స్ రాయిస్ కారులోనే దంతవైద్యపు కుర్చీ అమర్చుకొని తిరిగిన విచిత్రమైన వ్యక్తి ఆయన. విరిగిన దవడ ముక్కలను పారవేయకుండా ఎలా కూర్చవచ్చునో ఆయన వద్ద గిల్లీస్ చూచారు. అటుపిమ్మట ప్యారిస్‌లో మోరెస్టాన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఒక రోగి ముఖం నుంచి కంతిని తొలగించి, ఆ ఖాళీని దవడ క్రింది చర్మాన్ని జరిపి పూడ్చడం చూచి ముగ్ధులయ్యారు. తన జీవితమార్గం ఏదో ఆనాడే ఆయన నిశ్చయించుకున్నారు.

స్వదేశం చేరగానే సైనిక వైద్యాధికారులను, ముఖ్యంగా సర్ ఆర్బత్‌నాట్ లేన్‌ను ఒప్పించి, 1916 జనవరిలో ఆల్డర్‌షాట్‌లోని సైనిక ఆసుపత్రిలో ముఖగాయాలకు ప్రత్యేక వార్డును ప్రారంభించారు. గాయపడినవారు దారితప్పి వేరే ఆసుపత్రులకు పోకుండా ఉండేందుకు, వారి దుస్తులకు తగిలించే చిరునామా చీటీలను తన సొంత ధనంతో కొని యుద్ధరంగానికి పంపించారు. ఆ ఏడాది జూలైలో సోమ్ యుద్ధం ప్రారంభమైంది. రెండువందల మంది వస్తారని ఏర్పాట్లు చేయగా సుమారు 2000 మంది వచ్చారు. ఆ వార్డు ఏమూలకూ చాలలేదు. ఫలితంగా 1917లో కెంట్ మండలంలోని సిడ్‌కప్ వద్ద క్వీన్స్ హాస్పిటల్ వెలిసింది. 1925 వరకు అక్కడ 5000 మందికి పైగా సైనికులకు 11,000కు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

పూర్వుల బాట

గిల్లీస్ శూన్యంలో నుంచి ఈ విద్యను సృష్టించలేదు. తెగిన ముక్కును చెక్కిలి చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని మన సుశ్రుతుడు శతాబ్దాలకు పూర్వమే వర్ణించాడు. స్పెయిన్‌లోని కార్డోవా నగరంలో ముస్లిం పాలన వర్ధిల్లిన కాలంలో జీవించి 1013 ప్రాంతంలో మరణించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, తన కితాబ్ అల్ తస్రీఫ్ అనే ముప్పది భాగాల బృహద్గ్రంథంలో శస్త్ర పరికరాలను బొమ్మలతో సహా వివరించాడు. దవడ విరిగినప్పుడు కదలిన పళ్లను బంగారు తీగతో కట్టి నిలిపే పద్ధతిని బోధించాడు. ఆ గ్రంథం లాటిన్ భాషలోకి అనువాదమై యూరప్ వైద్యులకు కొన్ని శతాబ్దాలపాటు పాఠ్యగ్రంథమయ్యింది. మైసూరు యుద్ధకాలంలో ముక్కు కోల్పోయిన కావస్జీ అనే ఎద్దుల బండివానికి పూనా ప్రాంతంలో దేశీయ వైద్యుడొకడు నుదుటి చర్మంతో ముక్కు నిర్మించిన సంగతి 1794లో లండన్ పత్రికలో ప్రకటితమైంది. దానిని చదివి, సాధన చేసి, 1814లో కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు ఇంగ్లండులో ఆ చికిత్సను ప్రవేశపెట్టాడు. గిల్లీస్ తన రోగుల ముక్కులకు నుదుటి చర్మాన్ని వాడినప్పుడు ఆయన చేతిలో మన దేశపు విద్య కూడా ఉన్నది.

దవడల పునర్నిర్మాణం

అంతకు ముందు వైద్యులు చేసిన పొరపాటు ఏమిటంటే, దవడలో ఒక భాగం లేకపోయినా పైనున్న చర్మపు అంచులను దగ్గరకు లాగి కుట్టివేసేవారు. గాయం మానేది, ముఖం మాత్రం లోపలికి గుంజుకుపోయి, నోరు తెరుచుకోక, మనిషి ద్రవాహారంతోనే బ్రతుకు గడపవలసివచ్చేది. గిల్లీస్ ఈ పద్ధతిని తిరగవేశారు. మొదట మిగిలిన అవయవాలను వాటి సహజస్థానానికి చేర్చి, నిజంగా పోయినదెంతో తేల్చుకోవాలి. పిమ్మట నోటి లోపలి పొరను ఏర్పరచాలి. దానిపై ఎముకతోగాని మృదులాస్థితోగాని ఆధారం కల్పించాలి. చివరకు చర్మం కప్పాలి. ఇల్లు కట్టేవాడు పునాది, గోడ, కప్పు అనే వరుస తప్పనట్లే ముఖం కట్టేవాడు కూడా వరుస తప్పరాదన్నది ఆయన సిద్ధాంతం.

ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు దంతవైద్యుడు విలియం కెల్సీ ఫ్రై. యుద్ధరంగంలో ఫ్రైకి కలిగిన ఒక అనుభవం చెప్పుకోదగినది. దవడ చితికిన సైనికుడొకనిని తల ముందుకు వంచి నడిపిస్తూ ఆయన క్షేమంగా వెనుకకు చేర్చారు. అక్కడివారు అతనిని మంచంపై వెల్లకిల పడుకోబెట్టారు. ఆధారం లేని నాలుక వెనుకకు జారి గొంతుకు అడ్డుపడగా అతడు ఊపిరాడక మరణించాడు. దవడ గాయమైనవానిని వెల్లకిల పరుండబెట్టరాదన్న పాఠం అలా ఒక ప్రాణం ఖరీదుతో లభించింది. దవడ అంటే ముఖానికి అలంకారం కాదు, శ్వాసకు కావలి అని దీనినిబట్టి గ్రహించవచ్చు. సిడ్‌కప్‌లో ఫ్రై పళ్లకు లోహపు తొడుగులు తయారుచేసి విరిగిన దవడలను సరియైన స్థానంలో నిలిపేవారు. గిల్లీస్ పైనున్న మాంసమూ చర్మమూ సరిచేసేవారు. కఠినమైన భాగాలు ఒకరివి, మృదువైన భాగాలు మరొకరివి. శస్త్రవైద్యుడు, దంతవైద్యుడు ఒకే రోగి వద్ద కలిసి ఆలోచించే సంప్రదాయానికి అక్కడ బలం చేకూరింది. నేటికీ దవడ సవరణ చికిత్సకు మూలసూత్రం అదే.

ముఖంలో లోతు తగ్గినచోట ఏమి నింపాలన్నది మరొక సమస్య. 1900 ప్రాంతంలో యూరప్‌లో కరిగించిన మైనాన్ని సూదితో ముఖంలోకి ఎక్కించే పద్ధతి విరివిగా సాగింది. మొదట నున్నగా కనిపించిన ఆ ముఖాలు కొన్నేండ్లకు గడ్డలు కట్టి, మైనం జారిపోయి, పుండ్లుపడి మునుపటికంటె వికృతమయ్యాయి. అందుచేత గిల్లీస్ రోగి శరీరం నుంచే తీసిన ఎముకనూ, పక్కటెముకల కొనలలోని మృదులాస్థినీ ఎక్కువగా నమ్ముకున్నారు. పరాయి వస్తువును శరీరం ఎంతకాలం భరిస్తుందో చెప్పడం కష్టం. తన వస్తువును తాను త్వరగా త్రోసిపుచ్చదు.

చర్మపు గొట్టం

1917 అక్టోబరు 3వ తేదీ ఈ శాస్త్ర చరిత్రలో ముఖ్యమైన దినం. 1916నాటి జట్లాండ్ నౌకాయుద్ధంలో ముఖం కాలిపోయిన వికరేజ్ అనే నావికునికి ఆనాడు గిల్లీస్ చికిత్స చేస్తున్నారు. రొమ్ము నుంచి చర్మాన్ని ఒక చివర అంటి ఉండగానే ఎత్తి ముఖానికి చేర్చవలసి ఉంది. ఎత్తిన చర్మపు పట్టీ అంచులు లోపలికి ముడుచుకోవడం గమనించిన ఆయనకు ఒక ఊహ తోచింది. ఆ అంచులను ఒకదానితో ఒకటి కలిపి కుట్టి గొట్టంలా చేశారు. లోపలి పచ్చిభాగం మూసుకుపోవడంతో క్రిమిదోషం తగ్గింది, రక్తప్రసారం నిలిచింది. ఆ గొట్టపు కాడ ద్వారా పోషణ పొందుతూ చర్మం క్రొత్తచోట నాటుకొనేది. నాటుకున్న తరువాత కాడను తెంచేవారు. ఇంచుమించు అదే కాలంలో ఒడెస్సా నగరంలో ఫిలాతోవ్ అనే నేత్రవైద్యుడు కూడా స్వతంత్రంగా ఇదే విధానాన్ని కనుగొన్నాడు. యాంటీబయాటిక్ ఔషధాలు ఇంకా రాని ఆ రోజులలో ఇది వరప్రసాదమయ్యింది.

ఓటమి నేర్పిన పాఠం

ఆయన జీవితంలో విషాదఘట్టం హెన్రీ లమ్లీ అనే యువ వైమానికుని కథ. 1916లో విమానం కూలి అతని ముఖం పూర్తిగా కాలిపోయింది. సిడ్‌కప్ చేరేనాటికే అతడు శారీరకంగా, మానసికంగా బాగా కుంగిపోయి ఉన్నాడు. 1918 ఫిబ్రవరిలో గిల్లీస్ అతని రొమ్ము నుంచి ముఖమంతటికీ సరిపడే చర్మాన్ని ఎత్తి ఒకేసారి అమర్చడానికి పూనుకున్నారు. క్రొత్త చర్మం నాటుకోలేదు; పుండ్లుపడి క్షీణించింది; తీసినచోటు కూడా మానలేదు. మార్చి నెలలో ఆ యువకుడు కన్నుమూశాడు. ఇంత పనిని ఒకేసారి కాక విడతలుగా చేసి ఉండవలసిందని గిల్లీస్ గ్రహించారు. అటుపైన ఆయన బోధించిన ధర్మాలలో ముఖ్యమైనది నిదానం. గౌరవప్రదంగా వాయిదా వేయగలిగిన పనిని తొందరపడి నేడే చేయరాదని శిష్యులకు పదే పదే చెప్పేవారు. తన వైఫల్యాలను దాచక గ్రంథస్థం చేయడం ఆయన గొప్ప గుణం. 1920లో వెలువరించిన ముఖ శస్త్రచికిత్సా గ్రంథంలో మంచి ఫలితాలతో పాటు చెడ్డ ఫలితాలను కూడా ఛాయాచిత్రాలతో చూపించారు.

సిడ్‌కప్ వార్డులలో అద్దాలు ఉంచేవారు కారు. ఆసుపత్రి నుంచి ఊరికి వెళ్లే దారిలో కొన్ని బల్లలకు నీలిరంగు వేశారు. వాటిపై కూర్చున్నవారి ముఖాలు చూచి దారినపోయేవారు ఉలికిపడకుండా అదొక హెచ్చరిక. ఒకొక్కరికి పది, ఇరవై శస్త్రచికిత్సలు, వాటి మధ్య నెలల తరబడి నిరీక్షణ. ఆ కాలంలో వారు నిరాశలో మునిగిపోకుండా చేతిపనులు నేర్పే ఏర్పాటు జరిగింది. శస్త్రవైద్యుడుగా శిక్షణ పొంది చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ ఆ సైనికుల ముఖాలను చికిత్సకు ముందూ తరువాతా రంగులలో చిత్రించారు. చికిత్సకు అందని ముఖాలకు లండన్‌లో డెర్వెంట్ వుడ్, ప్యారిస్‌లో ఆనా లాడ్ అనే శిల్పులు పలుచని లోహపు ముసుగులు చేసి రంగులద్దారు. ముసుగు రూపాన్ని ఇచ్చింది. నమలలేదు, నవ్వలేదు, వయస్సుతో మారలేదు.

మత్తుమందు సమస్య

ముఖానికి శస్త్రచికిత్స చేయడంలో పెద్ద చిక్కు మత్తు ఇవ్వడం. ముక్కు మీద గుడ్డ ఉంచి మత్తు ఇస్తే వైద్యునికి పనిచేయడానికి చోటు ఉండదు. తీసివేస్తే రోగికి తెలివి వస్తుంది. నోటిలోని రక్తం ఊపిరితిత్తులలోకి దిగే ప్రమాదం వేరే. క్లోరోఫారం ఎంతవరకు సురక్షితమన్న విషయంపై మన హైదరాబాదు నగరంలోనే ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుని ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో రెండు సంఘాలు ప్రయోగాలు జరిపిన సంగతి మన విద్యార్థులు తెలుసుకోదగినది. రెండవ సంఘానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ధనసహాయం చేసింది. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదని, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని వారు నిర్ణయించారు. గుండెకు కూడా అపాయమున్నదని తరువాతి పరిశోధనలు నిరూపించినా, శ్వాసపై దృష్టి ఉంచాలన్న హెచ్చరిక వ్యర్థం కాలేదు. సిడ్‌కప్‌లో 1919 తరువాత ఐవన్ మగిల్, స్టాన్లీ రోబోథమ్ అనే ఇద్దరు యువవైద్యులు శ్వాసనాళంలోకి రబ్బరు గొట్టం దింపి మత్తు ఇచ్చే విధానాన్ని వృద్ధిచేశారు. ఈనాడు ప్రపంచమంతటా పెద్ద శస్త్రచికిత్సలలో వాడుకలో ఉన్న పద్ధతికి మూలమదే. దవడకు చేసే ప్రతి చికిత్స దానిపైనే ఆధారపడి ఉన్నది.

అవసరమా, అలంకారమా?

యుద్ధం ముగిసింది. గాయపడిన సైనికుల సంఖ్య తగ్గింది. ఈ విద్యకు శాంతికాలంలో పని లేదని కొందరు పెద్ద వైద్యులు తలచారు. గిల్లీస్ గ్రహణపు మొర్రి, కాలిన గాయాలు, ప్రమాదాల వలన కలిగిన వైకల్యాలకు చికిత్స చేస్తూనే, ముక్కు తీరు మార్చడం, ముఖంపై ముడుతలు తీయడం వంటి అలంకార చికిత్సలు కూడా చేశారు. వైద్యవృత్తిని అలంకారానికి దిగజార్చారని విమర్శలు వచ్చాయి. తన వద్దకు వచ్చినవారిలో చాలామందికి ఆ లోపం లోకానికి చిన్నదే అయినా వారి మనస్సుకు పెద్ద భారమై ఉన్నదని ఆయన గ్రహించారు. ఆయన దృష్టిలో పునర్నిర్మాణ చికిత్స చెడినదానిని సహజస్థితికి తెచ్చే యత్నం. సౌందర్య చికిత్స సహజస్థితిని దాటిపోయే యత్నం. మొదటిదానిలో రోగి పోయినదానిలో కొంత పొందుతాడు; రెండవదానిలో ఉన్నదానిని పణంగా పెడతాడు. ఈ తేడా చిన్నది కాదు.

1930లో ఆయనకు సర్ బిరుదు లభించింది. రెండవ ప్రపంచయుద్ధ ప్రారంభానికి బ్రిటన్ మొత్తంలో ఈ విద్యకే అంకితమైనవారు నలుగురే - గిల్లీస్, కిల్నర్, మెకిండో, మౌలెమ్. వారిలో మెకిండో గిల్లీస్‌కు బంధువు. ఆ యుద్ధకాలంలో గిల్లీస్ బేసింగ్‌స్టోక్ వద్ద రుక్స్‌డౌన్ హౌస్ అనే ఆసుపత్రిని నడిపారు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ శస్త్రవైద్యుల సంఘం ఏర్పడగా ప్రథమాధ్యక్షుడయ్యారు. కుష్ఠురోగం వలన కుంగిన ముక్కులను, వంగిన చేతులను సరిచేసి పేదలకు సేవచేసిన బొంబాయి వైద్యుడు నోషిర్ ఆంటియా (1922-2007) గిల్లీస్ వద్ద శిక్షణ పొందినవారే. ఆ విధంగా ఆ విద్య మళ్లీ మన దేశానికి చేరింది.

దవడల చికిత్సలో గిల్లీస్ చేసిన మరొక సాహసం ఉన్నది. ముఖపు ఎముకలు ఏ రేఖల వెంట విరుగుతాయో 1901లో రెనే ల ఫోర్ అనే ఫ్రెంచి వైద్యుడు మృతదేహాలపై పరిశోధించి మూడు రేఖలను గుర్తించాడు. ప్రమాదంలో విరిగే రేఖ వెంటనే వైద్యుడు ఉద్దేశపూర్వకంగా ఎముకను కోసి ముందుకు జరపవచ్చునని గిల్లీస్ తలచారు. పుట్టుకతోనే ముఖమధ్యం కుంగిన ఒక రోగికి, కంటిగూళ్లతో సహా ముఖపు ఎముకలను పుర్రె నుంచి విడదీసి ముందుకు తెచ్చారు. హారిసన్‌తో కలిసి 1950లో ఆ వృత్తాంతాన్ని ప్రకటించారు. జరిపిన ఎముకలు కాలక్రమంలో కొంత వెనుకకు పోయాయి. ఆ ఫలితంతో ఆయన తృప్తిపడలేదు. దాని లోపాన్ని గుర్తించి, ఖాళీలలో ఎముక ముక్కలు పొదిగి, ఫ్రాన్సులో పాల్ టెస్సియే 1967 నాటికి ఆ చికిత్సను నిలదొక్కుకొనేటట్లు చేశాడు. క్రింది దవడను రెండు ప్రక్కలా పొరలుగా చీల్చి ముందుకో వెనుకకో జరిపే పద్ధతిని 1950 దశకంలో ఆస్ట్రియా వైద్యుడు ఓబ్‌వెగెసర్ రూపొందించాడు. ఈనాటి దవడ సవరణకు ఇవే ఆధారాలు.

చివరి దినాలు

గిల్లీస్ గంభీరమూర్తి కారు. వేషాలు వేసి మిత్రులను ఆటపట్టించేవారు, చేపలు పట్టేవారు, తైలవర్ణ చిత్రాలు గీసేవారు. గోల్ఫ్ పోటీలలో మిక్కిలి ఎత్తైన ఆధారంపై బంతిని నిలిపి కొట్టి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు. 1957లో అమెరికన్ శిష్యుడు మిల్లార్డ్‌తో కలిసి తన జీవితానుభవాన్నంతటినీ రెండు సంపుటాల గ్రంథంగా వెలువరించారు. డెబ్బది ఎనిమిదేండ్ల వయస్సులో కూడా కత్తి వదలలేదు. 1960 ఆగస్టులో ఒక బాలిక కాలికి శస్త్రచికిత్స చేస్తూండగా మెదడులో రక్తం గడ్డకట్టింది. 1960 సెప్టెంబరు 10వ తేదీన లండన్‌లో పరమపదించారు.

మనకు సందేశం

ఈ మహనీయుని జీవితం నుంచి నేటి విద్యార్థి నేర్చుకోవలసినది ఏమిటి? దవడ వంకర వలన పళ్లు కలవక అన్నం నమలలేనివారికి, నిద్రలో ఊపిరి ఆగేవారికి, మాట తేటపడనివారికి, పుట్టుకతోనో ప్రమాదం వలననో ముఖం చెడినవారికి ఈ చికిత్స ఒక పునర్జన్మ. అటువంటివారు సంకోచించి ఇంట్లో దాగి ఉండనవసరం లేదు; తల్లిదండ్రులు దానిని విధివ్రాత అని వదిలివేయనవసరమూ లేదు. కాని తొందర కూడదు. ఎముకల పెరుగుదల పూర్తి అయ్యేవరకు, అంటే సామాన్యంగా కౌమారం ముగిసేవరకు, ఆగవలసి ఉంటుంది. ముందుగా పళ్ల వరుసను తీగలతో సరిచేయడానికే తరచుగా ఏడాదికి పైగా పడుతుంది. శస్త్రవైద్యుడు, దంతవైద్యుడు ఇద్దరూ కలిసి చూడాలి. క్రింది దవడలో సాగే నరం దెబ్బతిని పెదవి, చుబుకం కొంతకాలమో, ఎల్లకాలమో తిమ్మిరెక్కి ఉండవచ్చు. జరిపిన ఎముక కొంత వెనుకకు పోవచ్చు.

సిలికోన్ వంటి పదార్థాలతో చేసిన అమరికలు నాటి మైనం వంటివి కావు; చాలా మెరుగైనవి. అయినా అవి చీము పట్టవచ్చు, స్థానం తప్పవచ్చు, క్రిందనున్న ఎముకను అరగదీయవచ్చు. దవడ పొందిక తప్పినచోట చుబుకానికి అమరిక పెట్టినంతమాత్రాన పళ్లు కలవవు. పునాది వంగిన గోడకు సున్నం కొట్టినట్లే అది.

కాబట్టి ఈ ఆలోచన కలిగినవారు మొదట తమను తాము ప్రశ్నించుకోవాలి. నాకు లోపించినది పనితీరా, రూపమా? ఈ కోరిక నాదా, నన్ను ఎగతాళి చేసినవారిదా? రెండేండ్ల క్రిందటా నేనిదే కోరానా? ఫలితం అనుకున్నంత రాకున్నా భరించగలనా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికే వరకు వేచి ఉండడం పిరికితనం కాదు. గిల్లీస్ ఒక యువకుని మరణం తరువాత నేర్చుకున్న వివేకం అది.

ఈ విషయంలో మన బాధ్యత కూడా ఉన్నది. తరగతి గదిలో తోటివాని దవడను, పళ్లను, ముక్కును చూచి పేర్లు పెట్టి పిలవడం మనకు వినోదం. ఆ పేరు విన్నవాడు రాత్రి అద్దం ముందు నిలబడి ఏమనుకుంటాడో మనకు తెలియదు. సిడ్‌కప్ ఊరిలో నీలిరంగు బల్లలు వేయవలసివచ్చింది సైనికుల ముఖాల వలన కాదు, చూచేవారి చూపు వలన. ఆ చూపును సరిచేయడానికి ఏ శస్త్రవైద్యుడూ అక్కరలేదు. ఎదుటివాని ముఖాన్ని తిన్నగా చూచి, పేరు పెట్టి కాక పేరుతో పిలిచి, పలకరించే సంస్కారం మనకు అలవడితే, కత్తి అవసరం లేనివారు దాని జోలికి పోరు. అవసరమున్నవారు సిగ్గుపడకుండా వైద్యుని వద్దకు పోతారు. సర్ హెరాల్డ్ గిల్లీస్ స్మృతికి మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు అర్పించదగిన నివాళి అదే.